వెర్నెల్ నిలబడ్డ తలుపు

ఫిబ్రవరి 1, 2010, సోమవారం

నేను బడి బస్సు ఆపకముందే టిల్లరీ టీచరు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మూడో తరగతికి చెబుతుంది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఈ ఊరు వచ్చి ఆరు నెలలయింది, ఇంకా ఉత్సాహం తగ్గలేదు. చేతిలో పాత పేపరు ముక్క, అందులో ఒక ఫొటో.

"మిస్టర్ ఓథా, ఇది మీరే కదా?"

నేనే. పదకొండేళ్ళ నేనూ, ఎనిమిదేళ్ళ మా చెల్లి వెర్నెలూ. 1967 సెప్టెంబరు. ఇదే బడి మెట్లు. నేను ఒక మెట్టు పైనున్నాను, వెనక్కి తిరిగి చూస్తున్నాను. మా ఇద్దరి చేతులూ కలిసి ఉన్నాయి.

"మీరింత గొప్పవారని నాకెవరూ చెప్పలేదండీ!"

"నాకూ ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాను.

ఈ నెలాఖరు శుక్రవారం భోజనాల హాల్లో పిల్లల చేత నాటకం వేయిస్తుందట. ఆ తర్వాత నేను పది నిమిషాలు మాట్లాడాలట. ఫొటో పెద్దది చేయించి వరండాలో తగిలిస్తుందట. సరేనన్నాను. ఎందుకన్నానో రేపు రాస్తాను.

ఫిబ్రవరి 2

ఎందుకన్నానో ఇవాళ కూడా తెలియలేదు.

ఫిబ్రవరి 4, గురువారం

ఎనిమిదేళ్ళ పిల్లలకి ఎలా చెప్పాలి? రాసి చూసుకుంటున్నాను.

"పిల్లలూ, మా చిన్నప్పుడు ఈ ఊళ్ళో అన్నీ రెండేసి ఉండేవి, తెల్లవాళ్ళకొకటి, నల్లవాళ్ళకొకటి. రెండు బళ్ళు, రెండు నీళ్ళ కుళాయిలు, డాక్టరు దగ్గర రెండు గుమ్మాలు. జలుబు మాత్రం అందరికీ ఒకటే. నల్లపిల్లల బడి మౌంట్ ఏరీలో ఉండేది. రెండు గదులు, ఒక పొయ్యి, తెల్లపిల్లలు చింపి వదిలేసిన పుస్తకాలు. కోర్టు కోప్పడిందని ఆ ఏడు ప్రతి ఇంటికీ ఒక కాగితం పంపారు. మీ పిల్లల్ని ఏ బడికి పంపుతారో మీరే ఎంచుకోండి అని అందులో ఉంది. ఎంచుకున్నాక ఏమవుతుందో మాత్రం అందులో లేదు. మా నాన్న తెల్లవాళ్ళ బడి అని రాసి సంతకం పెట్టాడు. వారం తిరక్కుండా భూమి ఆసామి వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఆ సెప్టెంబరులో నేనూ మా చెల్లీ ఈ మెట్లెక్కాం. తర్వాత నాకు ఉబ్బసం రావడంతో నేను మౌంట్ ఏరీకి తిరిగి వెళ్ళిపోవలసి వచ్చింది."

డోరెథాకి చదివి వినిపించాను. చిక్కుడు గింజలు ఏరుతూ వింది.

"నీకు ఉబ్బసం ఎప్పుడుందయ్యా?"

"చిన్నప్పుడు."

"ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్క దగ్గు వినలేదు నేను. గురక అంటే ఒప్పుకుంటాను."

"పోయింది. కొందరికి పోతుంది."

"ఊఁ," అంది. మా ఆవిడ ఊఁ అంటే ఒక పేజీ.

ఫిబ్రవరి 7, ఆదివారం

చర్చిలో వెర్నెల్‌ని అడుగుదామనుకున్నాను. ఆవిడ అషర్లకి పెద్ద. తెల్ల డ్రస్సు, తెల్ల గ్లౌజులు, ఎడమ చెయ్యి పిడికిలి బిగించి వీపు వెనక. తలుపు దగ్గర అలా నిలబడి, వచ్చినవాళ్ళని ఒక వేలి సైగతో కూర్చోబెడుతుంది. ప్రసంగం మధ్యలో నేను వెనక్కి వంగి "చెల్లీ, ఆ బడి సంగతి..." అన్నానో లేదో, రెండు వేళ్ళు పైకెత్తింది. మా అషర్ల భాషలో దానర్థం నాకు తెలుసు. నోరు మూసుకున్నాను.

బయటికి వచ్చాక అడిగితే, "ఎందుకిప్పుడు? వృద్ధాశ్రమంలో డెబ్భై మందికి వండాలి నేను," అని కారెక్కింది.

ఫిబ్రవరి 10

బస్సులో కెయోనా, డ్రైవరు వెనక సీటు మహారాణి, నాటకంలో వెర్నెల్ వేషం వేస్తోంది.

"మిస్టర్ ఓథా, నాకొక్క మాట కూడా లేదు. ట్రెవాన్‌కి పదకొండు మాటలున్నాయి."

"మరి నువ్వేం చెయ్యాలి?"

"మీ చెయ్యి పట్టుకుని నడవాలి. అంతే. దానికి నేనెందుకు? దిండుకి గౌను తొడిగితే సరిపోదూ!"

"దిండుకి నీ అంత నోరుండదు కదమ్మా."

"అదే నేనూ అంటున్నా! నోరుంది, మాట లేదు!"

ట్రెవాన్ అంటే నేను. నేను అంటే ట్రెవాన్. వాడు ఇప్పటికే భుజాలు వెనక్కి విరిచి నడుస్తున్నాడు. నేను ఎప్పుడూ అలా నడవలేదు.

ఫిబ్రవరి 12

ఉబ్బసం అంటే ఉబ్బసమే.

ఫిబ్రవరి 16, మంగళవారం

టీచరు నాటకం కాగితాలిచ్చింది. మెట్ల మీద ఓథా వెనక్కి తిరిగి, "భయపడకు చెల్లీ, నేనున్నాను కదా. నీ చెయ్యి ఎప్పటికీ వదలను," అంటాడు. చదువుతుంటే చెవులు కాలాయి.

సాయంత్రం ట్రెవాన్ బస్సు దిగుతూ ఆగాడు. "మిస్టర్ ఓథా, ధైర్యంగా ఉన్నప్పుడు మొహం ఎలా పెట్టాలి? ఒకసారి పెట్టి చూపించరా?"

పెట్టాను. వాడు నా మొహం కేసి చాలాసేపు చూసి, "పొట్ట పట్టేసినట్టుంది," అన్నాడు.

నిజం చెప్పేస్తే? రోజుకి రెండుసార్లు బస్సు అద్దంలో నలభై ఒక్క మొహాలు చూడాలి నేను. అవి కూడా నన్ను చూస్తాయి. మొన్నటిదాకా నేను ఉత్త బస్సు డ్రైవర్ని. ఈ రెండు వారాలుగా ఎక్కేటప్పుడు 'సర్' అంటున్నారు. ఈ వయసులో వచ్చిన మర్యాద, కొత్త కట్టుడు పన్నులా బాగానే ఉంది, నమలాలంటే భయం.

ఫిబ్రవరి 17

సరే. ఇది నా పుస్తకం, ఇంకెవరూ చదవరు. రాస్తాను.

ఆ ఫొటోలో నేను చెల్లి వస్తోందా అని చూడటం లేదు. నాన్న ట్రక్కు ఇంకా ఉందా అని చూస్తున్నాను. ఉంది. ఇంజను కూడా ఆపలేదు. మెట్లు దిగి పరుగెత్తడానికి తిరిగాను. వెర్నెల్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో వేళ్ళు చూస్తే తెలిసిపోతుంది. నలభై రెండేళ్ళుగా ఎవరూ వేళ్ళ కేసి చూడలేదు. అందరూ నా మొహం కేసే చూశారు. ఎంత మంచి అన్నయ్య అన్నారు. నేను కాదనలేదు. అవునని కూడా అనలేదు, అదొక్కటే నా నిజాయితీ.

పందొమ్మిది రోజులు వెళ్ళాను. కొట్టారని చెబితే ఎంత బాగుండేది! ఎవరూ కొట్టలేదు. నేను వరండాలో నడిస్తే ముక్కులు మూసుకునేవారు. భోజనానికి కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. పైకి చదవమని టీచరు నిలబెడితే నేను నోరు తెరవకముందే నవ్వేవారు. అవన్నీ ఓర్చుకున్నాను. పందొమ్మిదో రోజు ఎవరూ ఏమీ చెయ్యలేదు. ముక్కు మూసుకోలేదు, నవ్వలేదు. నేను అక్కడ లేనట్టే ఉన్నారు. అది నా వల్ల కాలేదు.

ఇంటికొచ్చి అమ్మతో ఊపిరాడటం లేదన్నాను. అమ్మ నా ఛాతీ మీద చెవి పెట్టి వింది. చాలాసేపు వింది. లోపల ఏమీ లేదని ఆవిడకి తెలిసింది. "సరే నాన్నా," అంది.

మర్నాటి నుంచి నేను మౌంట్ ఏరీకి, వెర్నెల్ ఒక్కతీ అక్కడికి. ఆ కాగితం మీద సంతకానికి నాన్న ఇల్లు పోయింది. నేను పందొమ్మిది రోజులు వెళ్ళాను.

సాయంత్రాలు రోడ్డు మలుపు దగ్గర చెల్లి కోసం నిలబడేవాణ్ణి. "ఏమైందే ఇవాళ?" అనేవాణ్ణి. "ఏం కాలేదు," అనేది. రెండోసారి ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని.

ఫిబ్రవరి 18

పొద్దున బస్సు స్టార్టు కాలేదు. దానికీ ఉబ్బసమే.

ఫిబ్రవరి 21, ఆదివారం

అందరూ వెళ్ళిపోయాక చర్చి ముందు గదిలో పట్టుకున్నాను. వెర్నెల్ కుర్చీలో కూలబడి బూట్లు విప్పింది. గ్లౌజులు ఒక్కో వేలూ లాగుతోంది.

"చెల్లీ, నిన్నొకటి అడగాలి."

"ఒకటయితే అడుగు. రెండయితే నా కాళ్ళు ఒప్పుకోవు."

"ఆ ఏడాదంతా అక్కడ ఏం చేశావు నువ్వు?"

చేతులాపింది. "ఎవరడగమన్నారు?"

"నేనే అడుగుతున్నా."

"నలభై రెండేళ్ళు పట్టిందా అన్నయ్యా, నోరు తిరగడానికి?"

"నోరు పెద్దదే. తిరగడానికి చోటు కావాలి."

నవ్వింది. తర్వాత చాలా మామూలుగా, కూర ఎలా వండిందో చెబుతున్నట్టు చెప్పింది.

"డ్యూటీ చేశాను. మొదటి రోజు పొద్దున అమ్మ నా జడ వేస్తూ ఏమంది? ఆదివారం తలుపు దగ్గర ఎలా నిలబడతావో అలా నిలబడు, అంది. ఏడవొద్దనీ, వంగొద్దనీ ఆవిడ ఉద్దేశం. నాకేం తెలుసు? ఎనిమిదేళ్ళదాన్ని. అక్కడ డ్యూటీ వేశారనుకున్నాను."

"బళ్ళోనా?"

"బళ్ళోనే. ఆ బడి వాళ్ళదనీ, మనం వాళ్ళ గుమ్మం తొక్కామనీ నాకు తట్టనే లేదు. తలుపు నాది. వాళ్ళు వచ్చేవాళ్ళు. ఎవరొచ్చినా నువ్వెవరని అషర్ అడక్కూడదు, కోపం చూపకూడదు, కూర్చోబెట్టాలి. రోజూ ముందే వెళ్ళి మా గది తలుపు తీసి పట్టుకునేదాన్ని. ఎడమ చెయ్యి వీపు వెనక. ఇరవై ఏడు మంది. మొదటి నెలంతా అవతలి తలుపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళారు. తర్వాత వానలొచ్చాయి. వానకి నేనేం చెయ్యను? నా తలుపే దగ్గర."

"టీచరేమీ అనలేదా?"

"ఈ పిల్ల వీపు వెనక ఏదో దాస్తోంది అని అమ్మకి చీటీ రాసింది. పిడికిలి విప్పి చూపించాను. ఏమీ లేదు. ఆవిడకి ఇంకా భయం వేసింది."

నేను నవ్వాను. తను కూడా నవ్వింది. అప్పుడు అడిగాను, "నేను వెళ్ళిపోయాక ఎలా ఉన్నావే?"

రెండో గ్లౌజు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"డ్యూటీలో ఉన్నవాళ్ళు ఎప్పుడు కదలాలి అన్నయ్యా?"

"ఇంకొకరు వచ్చి పక్కన నిలబడ్డాక."

"మన తలుపుకి ఆ ఇంకొకరు ఎవరు?"

చిన్న పిల్లల అషర్లలో ఒక్కో తలుపుకీ ఇద్దరు. వెర్నెల్‌కి జంట నేను.

"నీళ్ళు తాగడానికి వెళ్ళావనుకున్నా," అంది. "క్రిస్మస్ దాకా అలాగే అనుకున్నా."

జోకులాగే అంది. నాకు జోకులు తెలుసు, యాభై మూడేళ్ళుగా అదే పని. అది జోకు కాదు.

"క్రిస్మస్ తర్వాత?" అన్నాను.

"అప్పటికి అందరి పేర్లూ తెలిసిపోయాయి. ఎవడి బూటుకి చిల్లుందో, ఎవత్తె పొద్దున తినకుండా వస్తుందో తలుపు దగ్గర నిలబడితే తెలిసిపోతుంది. అన్నీ తెలిశాక ఎంతసేపని భయపడతాం? మే నెలలో ఒకడు లోపలికి వెళ్తూ 'థాంక్యూ' అన్నాడు. అలవాటులో వచ్చేసింది పాపం. వెంటనే నోరు మూసుకున్నాడు, నిప్పు మింగినట్టు. ఏడాదికి ఆ ఒక్క మాటే."

"ఇదంతా నాకెందుకు చెప్పలేదే?"

"రోజూ అడిగేవాడివిగా. ఏం కాలేదనగానే నీ మొహం ఎంత తేలికపడేదో! నీకెందుకులే అనుకున్నా."

బూట్లు వేసుకుంది. నన్ను లేపమని చెయ్యిచ్చింది. లేపాను. ఎవరు ఎవర్ని లేపారో చెప్పలేను.

ఫిబ్రవరి 22

ఎనిమిదేళ్ళ పిల్ల.

ఫిబ్రవరి 23

ఆ గది తలుపు ఇప్పటికీ ఉంది. మధ్యాహ్నం పిల్లలు వచ్చేలోపు వెళ్ళి తీసి చూశాను. ఓక్ చెక్క, నాకే బరువనిపించింది. దాన్ని తెరిచి పట్టుకుని ఇరవై ఏడు మంది వెళ్ళేదాకా నిలబడాలంటే ఒంట్లో ఎంత బలముండాలి? ఆ ఏడు మా చెల్లి బరువు ఇరవై రెండు కిలోలు. అమ్మ పత్తి కాటా మీద నిలబెట్టి చూసేది. ఎక్కడ దాచుకుందో అంత బలం! తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయాను. టోపీ తీసి చేతిలో పట్టుకున్నానని టిల్లరీ టీచరు వచ్చి పలకరించాక గాని తెలియలేదు.

"ఏమైనా పడిపోయిందా మిస్టర్ ఓథా?"

"పడిందమ్మా. పెద్దదే."

ఫిబ్రవరి 26, శుక్రవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

భోజనాల హాల్లో మూడు తరగతుల పిల్లలు, డెబ్భై మంది. వెర్నెల్‌ని పదింటికి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. వంటింటి కోటుతోనే వచ్చి వెనక గోడకి ఆనుకుంది. నాటకం అయింది. ట్రెవాన్ పదకొండు మాటలూ తప్పు లేకుండా చెప్పాడు. కెయోనా మూతి ముడుచుకుని వాడి చెయ్యి పట్టుకుని నడిచింది. చప్పట్లు.

టీచరు నన్ను పిలిచింది. జేబులో ఉబ్బసం కాగితం ఉంది. తియ్యలేదు.

"నాటకం బాగుంది," అన్నాను. "ఒక్కటే తప్పు. అది మీది కాదు, నాది. ట్రెవాన్, కెయోనా, మళ్ళీ మెట్లెక్కండి."

ఎక్కారు.

"ట్రెవాన్, నువ్వు పారిపోవాలి."

"నేనా?"

"నువ్వే. అదిగో, అక్కడ మీ నాన్న ట్రక్కు ఉంది. తిరుగు. కెయోనా, నువ్వు వదలకు."

"గట్టిగా పట్టుకోనా?"

"నీ అంత గట్టిగా."

"అబ్బా! నా వేళ్ళే!" అన్నాడు ట్రెవాన్. హాలంతా నవ్వింది. మూడు వారాలుగా దిండులా నడిచిన పిల్ల, కాళ్ళు తన్నిపట్టి, పళ్ళు బిగించి, వాణ్ణి ఒక మెట్టు పైకి లాగింది. నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"ఇదీ ఆ ఫొటో," అన్నాను. "భయపడకు అని నేననలేదు. ఎప్పటికీ వదలననీ అనలేదు. పందొమ్మిది రోజులకి నేను వదిలేశాను. జబ్బని అబద్ధం చెప్పాను. ఇప్పటిదాకా అదే చెబుతూ వచ్చాను. మీ డ్రైవరు ఆ మెట్ల మీద పారిపోవాలనుకున్నవాడు. నిలబడ్డది ఎనిమిదేళ్ళ పిల్ల. ఏడాదంతా, ఒక్కతీ."

తలుపు సంగతీ, ఇరవై ఏడు మంది సంగతీ, నేను నీళ్ళు తాగడానికి వెళ్ళానని చెల్లి అనుకోవడం, అన్నీ చెప్పాను. టీచరు చేతిలో కాగితాలు కిందికి జారాయి. నేను ఎవరి మొహమూ చూడలేదు, అద్దం లేదు కాబట్టి.

ముందు వరసలో ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు. "మీరు మళ్ళీ ఎందుకు వెళ్ళలేదు?"

"భయం."

"ఒక్కరోజు కూడా?"

"ఒక్కరోజు కూడా."

మూడో తరగతి పిల్ల ఒకతి పక్కదానితో గుసగుసగా అంది, గుసగుస హాలంతా వినపడింది. "ఎనిమిదేళ్ళంటే మనమేనే."

"మా చెల్లెలు అక్కడుంది," అని చూపించాను.

డెబ్భై తలలూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని ఎవరికీ తోచలేదు. పెద్ద కొండ కనబడితే ఎవరు చప్పట్లు కొడతారు? వెర్నెల్ కోటుకి చేతులు తుడుచుకుంటోంది, అవి పొడిగానే ఉన్నాయి.

కెయోనా మెట్ల మీంచే వెర్నెల్‌ని అడిగింది, "మీకు భయం వెయ్యలేదా?"

"వేసేది. రోజూ కడుపులో నొప్పి."

"మరి?"

"నొప్పితోనే వెళ్ళేదాన్ని. కడుపు నాతోనే వచ్చేది కదమ్మా, ఎక్కడ వదిలెయ్యను?"

ఇంకొకడు, "ఆ తెల్లపిల్లలందరూ ఇప్పుడెక్కడున్నారు?" అన్నాడు. ఇది నేను చెప్పవలసిందే. మూడో ఏడు రోడ్డవతల ఫీజు కట్టే బడి పెట్టుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడీ బళ్ళో తెల్లపిల్లలు ముగ్గురు. "అంత కష్టపడి తలుపు తీసి పట్టుకుంటే, లోపలున్నవాళ్ళు అవతలి తలుపులోంచి వెళ్ళిపోయారు," అన్నాను. పిల్లలు నవ్వలేదు. టీచర్లు నవ్వారు, ఆ నవ్వు నాకు తెలుసు.

మార్చి 1, సోమవారం

పొద్దున బస్సు తలుపు తియ్యడానికి మనసొప్పలేదు. ఎవడు 'సర్' అంటాడో, ఎవడు అనడో.

ట్రెవాన్ మొదటివాడు. మెట్టు మీద ఆగాడు. "మా చిన్నమ్మ ఇంటి కిటికీ అద్దం పగలగొట్టింది నేను. తమ్ముడన్నాను. వాడికి దెబ్బలు పడ్డాయి."

"ఎప్పుడు?"

"రెండో తరగతిలో," అని వెళ్ళి కూర్చున్నాడు.

తర్వాతి స్టాపులో కవలలు. "స్నానాల గదిలో లైటు లేకపోతే మేం వెళ్ళం. ఇంకా ఇద్దరం కలిసే వెళ్తాం." ఆ తర్వాత ఒక పిల్ల. "నేను నత్తి షానికాతో కూర్చోనన్నాను. అందరూ అన్నారు కాబట్టి." స్టాపు స్టాపుకీ ఒకరు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నా దగ్గర పెట్టి, వెళ్ళి తమ సీట్లో కూర్చున్నారు. బడి చేరేసరికి పదకొండు మంది. చివరి మలుపు దగ్గర అద్దంలో చూస్తే, కిటికీ పక్కన షానికా, దాని పక్కన ఆ పిల్ల.

బడికి ఆరు నిమిషాలు ఆలస్యం. కారణం అడిగారు. టైరు అన్నాను. ఇదొక్క అబద్ధం ఉంచుకుంటాను.

మార్చి 3, బుధవారం

సాయంత్రం వెర్నెల్ వచ్చింది, చిలగడదుంపలతో చేసే తీపి వంటకం 'పై' పట్టుకుని. దాంతోపాటు ఒక పెద్ద కవరు. మూడో తరగతి పిల్లలంతా ఆవిడకి ఉత్తరాలు రాశారట. డోరెథా కాఫీ పెట్టింది. వెర్నెల్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోటీ చదివింది. మీరు హీరో. మీరు చాలా ధైర్యవంతులు. నేనైతే వాళ్ళని తన్నేవాణ్ణి. నేనైతే నేను కూడా నిలబడేదాన్ని. మీరంటే నాకు చాలా ఇష్టం, మీకు కుక్క ఉందా?

బాగానే నవ్వుకున్నాం. ఒకటి మాత్రం పక్కన పెట్టుకుంది. చివరికి దాన్ని తీసింది.

"ప్రియమైన మిస్ వెర్నెల్, నేనైతే మొదటి రోజే ఇంటికి వచ్చేసేదాన్ని. ఇట్లు, మీ స్నేహితురాలు కెయోనా."

చదివి, మళ్ళీ చదివింది. మూడోసారి చదవబోయి ఆగిపోయింది. మా నాన్న పోయినప్పుడు కూడా వెర్నెల్ ఏడవడం నేను చూడలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. డోరెథా లేవబోతే నేను వద్దని సైగ చేశాను.

"చూశావా అన్నయ్యా," అంది. "ఇన్నేళ్ళలో నేనెవరికి చెప్పినా, నేనైతేనా నిలబడేవాణ్ణి అన్నవాళ్ళే. విని విని నోరు మూసుకున్నాను. ఇదొక్కతీ నిజం చెప్పింది." ఉత్తరం మడతలు సరిచేసి, చివరి మాట మీద వేలు పెట్టింది. "ఆ బళ్ళోంచి నన్ను స్నేహితురాలన్నది ఇదే మొదలు."

ఏమీ అనలేదు. ఈసారి అది పారిపోవడం కాదు.

మొహం తుడుచుకుని, 'పై' కోసి, పెద్ద ముక్క ఒకటి మైనపు కాగితంలో చుట్టి పక్కన పెట్టింది.

"ఆ పిల్ల ఏ స్టాపులో ఎక్కుతుంది?"

"నాలుగోది. ఏడుంపావుకి."

"రేపు నీ బస్సులో చోటుంటుందా?"

"డ్రైవరు వెనక సీటు మహారాణిది. అడగాలి," అన్నాను.